నలభై డాలర్ల పెట్టె

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు బయట పెట్టొద్దన్నారు. ఉత్తరంలో వచ్చే బ్యాండు పేరు మాత్రం అస్సలు రాయొద్దని రెండుచోట్ల వేడుకున్నారు. ఎందుకో మీకే అర్థమవుతుంది.

ఆయనకు 46 ఏళ్లు. తెనాలి వైపు పుట్టి, గుంటూరులో ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగానికి అమెరికా వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. భార్య, ఈ ఏడాది కాలేజీలో చేరబోయే కూతురు ఉన్నారు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాత రికార్డులు. అందులోనూ 1960ల తొలినాళ్లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు గిటార్ల మీద వాయించిన సర్ఫ్ సింగిల్స్, ఇంటి గరాజ్‌లో సాధన చేసుకునే గరాజ్ బ్యాండ్ల సింగిల్స్. సర్ఫ్ అంటే పలక మీద నిలబడి అలలపై తేలే ఆట, ఆ కుర్రాళ్ల సంగీతానికీ దాని పేరే పడింది. సింగిల్ అంటే వైపుకొకటి చొప్పున రెండు ముక్కలుండే చిన్న రికార్డు. చాలావాటిలో పాట ఉండదు, మాట ఉండదు, అంతా వాయిద్యమే. గరాజ్‌లో 2,000 దాకా పోగయ్యాయట. “పాడేవాళ్లే లేని పాటలకి ఇంత డబ్బు తగలెయ్యడం ఏమిటి?” అని మామగారు వచ్చినప్పుడల్లా అడుగుతారట.

కిందటి వేసవిలో డౌనీ వైపు ఒక ఇంటి ముందు గరాజ్ సేల్ బోర్డు చూసి ఆగారు. ఎనభై దాటిన పెద్దావిడ. భర్త పోయారు. ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. గిన్నెలు, దుప్పట్ల వెనకాల ఒక అట్టపెట్టె, అందులో ఒకే సింగిల్ కాపీలు 24. ఆవిడ భర్త హైస్కూల్లో ఉండగా డ్రమ్స్ వాయించిన బ్యాండట. 1963 చివర్లో కుర్రాళ్లే డబ్బులు వేసుకుని అచ్చు వేయించారు. అమ్ముడుపోనివి ఇలా మిగిలిపోయాయి. ఆయన పోయాక కూడా పారేయడానికి ఆవిడకు చేతులు రాలేదట. “వీటికేమైనా విలువ ఉంటుందా?” అని ఆవిడ అడిగారు. మన పాఠకుడు “పాతవి కదండీ, ఏదో కొద్దిగా ఉండొచ్చు” అన్నారు. 40 డాలర్లిచ్చి పెట్టె తెచ్చుకున్నారు.

ఆ రాత్రే వెతికితే, మూడేళ్ల క్రితం ఇదే సింగిల్ ఒక కాపీ వేలంలో 780 డాలర్లు పలికిందని తేలింది. లెక్క వినగానే భార్య “మొత్తం అమ్మేయండి, పిల్ల ఫీజుకి పనికొస్తుంది, మనమేం దొంగతనం చేయలేదుగా” అన్నారు. రికార్డులు సేకరించే స్నేహితుడు మాత్రం “పెట్టె సంగతి ఎవరికీ చెప్పకు, ఏడాదికొకటి వదులు” అని చెవిలో వేశాడు. ఈలోగా ఆ పెద్దావిడ నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. భర్త డ్రమ్స్ ముందు కూర్చున్న పాత ఫోటో పెట్టి, “రికార్డు విన్నారా? ఎలా ఉంది?” అని అడిగారు. ఆయన ఇంతవరకు జవాబివ్వలేదు. “నేను మోసం చేశానా? ఇప్పుడేం చేయాలి?” అని ఇప్పుడు నన్ను అడుగుతున్నారు.

ఇక మీతో నేరుగా.

ముందుగా మీ ఉత్తరంలోంచే రెండు వాక్యాలు తీసి పక్కపక్కన పెడతాను. రెండో పేజీలో “లేబుల్ చూడగానే నా చేతులు వణికాయి” అని రాశారు. మూడో పేజీలో “దాని విలువ నాకు అప్పటికి తెలియదు” అని రాశారు. రెండూ నిజమే కావచ్చు. అంకె మీకు తెలియదు. కానీ ఆ బ్యాండు పేరు సేకరించేవాళ్ల జాబితాల్లో చూసినట్టు గుర్తుందని మీరే అన్నారు. అంటే 40 డాలర్ల సరుకు కాదన్న సంగతి మీకు తెలుసు.

అలాగని మిమ్మల్ని బోనెక్కించడం లేదు. గరాజ్ సేల్‌లో ధర చెప్పేది అమ్మేవాళ్లు. ఎవరో పట్టించుకోకుండా పడేసిన చోట మంచి రికార్డు గుర్తుపట్టడం మీకేళ్ల తరబడి వచ్చిన చూపు. దానికి ప్రతిఫలం ఉంటే తప్పు లేదు. డబ్బాలో పడి ఉన్న సింగిల్‌ని డాలరుకి కొని ఇంటికొచ్చి గెంతులేసినవాళ్లు ఎంతమందో. ఆవిడ మిమ్మల్ని ఏమీ అడక్కుండా డబ్బు తీసుకుని ఉంటే నేనీ జవాబు నాలుగు వాక్యాల్లో ముగించేదాన్ని. కానీ ఆవిడ అడిగారు. మీరు తెలిసినవారని నమ్మి అడిగారు. మీరు నోట్లో నీళ్లు నమిలారు. మిమ్మల్ని తొలుస్తున్నది 780 డాలర్లు కాదు, “ఏదో కొద్దిగా” అన్న మీ జవాబు. చట్టం సంగతి వేరు, ఆ బేరం చట్టప్రకారం పూర్తయిపోయినట్టే. మీ ఆవిడ అన్నది ఆ మేరకు సరైనదే. కానీ మెసేజ్‌కి రెండు ముక్కల జవాబైనా ఇవ్వకుండా మీరు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారంటే, చట్టం ఒక్కటే సరిపోలేదని మీకే తెలుస్తోంది.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో అందరూ తప్పు లెక్క మీద గొడవపడుతున్నారు. 780ని 24తో గుణిస్తే 18,720. ఈ అంకె మీ ఆవిడ నోట వచ్చిందని రాశారు. అది రాని డబ్బు. మూడేళ్ల క్రితం ఆ ధర ఎందుకొచ్చింది? ఇద్దరు మొండివాళ్లు ఒకే కాపీ కోసం పోటీ పడితే వచ్చింది. వాళ్లిద్దరిలో ఒకరికి రికార్డు దొరికేసింది. రెండోవారు మీ మొదటి కాపీ కొనొచ్చు. మూడో కాపీకి, నాలుగో కాపీకి అంత కాకమీద ఉన్నవాళ్లు ఎంతమంది మిగులుతారు? ఇలాంటి సింగిల్స్ విషయంలో ధర ఎప్పుడూ మెట్లు దిగుతుంది. “ఫలానావాడి దగ్గర పెట్టె దొరికిందట” అన్న మాట బయటికొచ్చిన రోజు ఒక్కసారిగా జారుతుంది. మొత్తం కలిపి కూతురి కాలేజీలో ఒక టర్ముకి సాయపడే డబ్బు రావచ్చు, నాలుగేళ్ల చదువు మాత్రం దీని మీద గట్టెక్కదు. ఈ సంగతి మీ ఆవిడతో కూర్చుని చెప్పండి. పైగా అమెరికాలో ఇలాంటి సేకరణల్ని ఏడాది దాటాక అమ్మితే లాభం మీద కేంద్ర పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు. ఏడాదిలోపు అమ్మితే మామూలు ఆదాయంలో కలుస్తుంది. మీ పన్ను లెక్కలు చూసే సీపీఏని ఒక మాట అడగండి.

ఈ సంగీతం తెలియని పాఠకుల కోసం, మీ ఆవిడ కోసం కూడా, ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. అమ్ముడుపోక మిగిలిన రికార్డుకి ఇప్పుడీ గిరాకీ ఏమిటి?

మీరుంటున్న కౌంటీలోనే న్యూపోర్ట్ బీచ్‌లో రెండేవూ బాల్‌రూమ్ అని ఒక పెద్ద డ్యాన్స్ హాలు ఉండేది. 1961లో డిక్ డేల్ అనే సర్ఫ్ గిటారిస్టు అక్కడ వాయిస్తుంటే సముద్రం మీంచి నేరుగా వచ్చిన కుర్రాళ్లతో హాలు నిండిపోయేది. ఆ హాలు 1966లో కాలిపోయింది. డిక్ డేల్ సింగిల్స్ సొంత కుటుంబపు లేబుల్ మీదే, అంటే రికార్డులు వేసే సొంత కంపెనీ నుంచే, మొదట వచ్చాయి. అది చూసి ఊరూరా హైస్కూలు పిల్లలు గిటార్లు పట్టారు. పక్క ఊరు శాంటా అనా హైస్కూలు పిల్లలు ఛాంటేస్ పేరుతో ‘పైప్‌లైన్’ వాయించారు. డౌనీలో ఒక రికార్డుల కొట్టు యజమాని నడిపిన చిన్న లేబుల్ దాన్ని ముందు వేసింది. తర్వాత డాట్ అనే పెద్ద కంపెనీ తీసుకుంది. 1963లో అది అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్‌లో 4వ స్థానం దాకా వెళ్లింది. గ్లెండోరా కుర్రాళ్లు సర్ఫారిస్ పేరుతో వాయించిన ‘వైపవుట్’ దారి కూడా అంతే. ముందు డీఎఫ్ఎస్, తర్వాత ప్రిన్సెస్ అనే బుల్లి లేబుళ్లు, ఆ తర్వాతే డాట్. డాట్ మీద వచ్చిన కాపీలు చవకగానే దొరుకుతాయి. అదే వాయిద్యం, అదే టేపు, కానీ డీఎఫ్ఎస్ కాపీ కనిపిస్తే రికార్డులు సేకరించేవాళ్లు కొట్టుకుంటారు. చాలామంది పిల్లలకి ఆ రెండో మెట్టు అందలేదు. ఒక మధ్యాహ్నం స్టూడియో అద్దెకు తీసుకుని రెండు వైపులా వాయించి, కొద్ది వందల కాపీలు అచ్చు వేయించి, డ్యాన్సుల దగ్గర అమ్మి, లోకల్ రేడియోకి ఒకటిచ్చి ఊరుకున్నారు.

మీ పెద్దావిడ భర్త బ్యాండుకి కాలం కూడా కలిసిరాలేదు. 1963 చివర్లో రికార్డు చేతికొచ్చింది. 1964 ఫిబ్రవరి 9న పాడుతూ వాయించే బ్రిటిష్ బ్యాండు బీటిల్స్ ఎడ్ సల్లివాన్ షోలో అమెరికా టీవీలో కనిపించారు. పాడకుండా గిటార్ ఒక్కటే వాయించే బ్యాండ్ల రోజులు దాంతో దాదాపు అయిపోయాయి. ఆ పెట్టె అరవై ఏళ్లు గరాజ్‌లో ఎందుకు కూర్చుందో మీకిప్పుడు తెలిసినట్టే. తర్వాత తర్వాత సేకరించేవాళ్లు ఇలాంటి అనామక సింగిల్స్‌ని ఏరి ఎల్పీలుగా, అంటే పెద్ద రికార్డులుగా, కూర్చి వేయడం మొదలుపెట్టారు. వాటిలో విని, అసలు కాపీ కావాలని తిరిగేవాళ్లు పెరిగారు. వాళ్లలో జర్మనీ వాళ్లుంటారు. జపాన్ వాళ్లుంటారు, అక్కడ 1965లో అమెరికా గిటార్ బ్యాండు వెంచర్స్ పర్యటన తర్వాత ఎలక్ట్రిక్ గిటార్ పిచ్చి దేశమంతా పాకింది. అంటే మీ పెట్టె ధర మీ ఊళ్లో కాదు, ప్రపంచంలో ఓ నలభై యాభై మంది బుర్రల్లో నిర్ణయమవుతుంది. వాళ్లలో చాలామందికి ఒకరితో ఒకరికి పరిచయమే.

అందుకే మీ స్నేహితుడి సలహా నాకు నచ్చలేదు. నీతి సంగతి కాసేపు పక్కన పెట్టినా అది చెల్లదు. ఏడాదికొకటి చొప్పున వదిలితే 24 కాపీలకు మీకు 70 ఏళ్లు నిండుతాయి. ఇక రెండోసారో మూడోసారో, సూది తగలని కాపీ మళ్లీ అదే అమ్మకందారు దగ్గర కనిపిస్తే ఆ నలభై మందికీ సంగతి తెలిసిపోతుంది. మొదటి కాపీకి 700 పెట్టినాయన తర్వాత మీ దగ్గర పెట్టె ఉందని తెలుసుకుంటే ఏమనుకుంటాడో ఊహించుకోండి. మీరు కొనేది కూడా ఆ మనుషుల దగ్గరే కదా. ఇక పెద్దావిడ మనవడో మనవరాలో తాతగారి బ్యాండు పేరు ఇంటర్నెట్‌లో కొట్టడానికి పది సెకన్లు చాలు. రికార్డులు కొని అమ్ముకునే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో అమ్మకానికి పెట్టిన కాపీ ధర, పెట్టినవాడి పేరు కనిపిస్తాయి. అప్పుడు వచ్చే ఫోన్ పెద్దావిడ నుంచి రాదు.

అలాగైతే ఏమీ అమ్మకుండా, ఏమీ చెప్పకుండా దాచేస్తే? చేయొచ్చు. ఎవరూ అడగరు. అయితే సింగిల్ ప్లేయర్ మీద పెట్టలేకపోతున్నానని మీరే రాశారు. వినలేని రికార్డులు 24 దేనికండీ? ఒక్కటి చాలదా?

నాకు బాగుంటుందనిపించేది ఆవిడకు చెప్పడం. కానీ చెప్పడంలో కూడా రకాలున్నాయి, వాటి పర్యవసానాలూ వేరు.

పెట్టె తిరిగి ఇచ్చేస్తానని అనొచ్చు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆవిడ పరిస్థితి చూడండి. ఇల్లు ఖాళీ చేసి కొడుకు ఇంట్లో ఒక గదిలో ఉంటున్న మనిషికి మళ్లీ పెట్టె పంపిస్తే దాన్నేం చేసుకుంటారు? అమ్మడం ఆవిడకు చేతకాదు. మీ మనసు తేలికవుతుంది, ఆవిడ పని పెరుగుతుంది. అయినా ఆ మాట అనాలి, ఎందుకంటే అది ఆవిడ తేల్చుకోవలసిన విషయం. కావాలంటే ఇచ్చేయడానికి సిద్ధపడే అడగండి, మాటవరసకి కాదు.

రెండో దారి, మీరే అమ్మిపెట్టి వచ్చినదాంట్లో ఆవిడకు వాటా ఇవ్వడం. సగమా, మూడు వంతులా అన్నది మీరిద్దరూ మాట్లాడుకోవాలి. గుర్తుపట్టినందుకు, ఫోటోలు తీసి, ఏ కాపీ ఎంత బాగుందో గ్రేడింగ్ చేసి, ప్యాక్ చేసి పంపే శ్రమకు మీరు కొంత ఉంచుకోవడం న్యాయమే. ఏ కాపీ ఎంతకి పోయిందో ఆవిడకు లెక్క చూపండి. ఇందులో చిక్కు ఒకటుంది. కొడుకు మధ్యలోకి రావొచ్చు. “మొత్తం మాదే” అనొచ్చు. “మా అమ్మని మోసం చేశావు” అని నాలుగు మాటలు అనొచ్చు. పడాలి. ఆ ఇబ్బంది మీకు వద్దనుకుంటే ఈ దారి పట్టకండి, సగంలో వెనక్కి తిరిగితే మరీ దరిద్రంగా ఉంటుంది.

ఇంకోటి, రికార్డులు సేకరించే కొందరు చేసేది. నాలుగైదు కాపీలు ఆవిడకు, పిల్లలకు, ఆ బ్యాండులో బతికున్నవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు ఇవ్వడం. ఒకటి మీకు. మిగతావి పెట్టె దొరికిందని బాహాటంగా చెప్పి, ఒకే ధరకు, ఉదాహరణకు 150కో 200కో, అందరికీ అమ్మేయడం. ధర పడిపోతుంది, నిజమే. 780 అన్న అంకె మళ్లీ కనిపించకపోవచ్చు. కానీ దాచేది ఏమీ ఉండదు, అమ్మకం నెలలో అయిపోతుంది, మీ పేరూ నిలబడుతుంది. డబ్బు పంచుకోవడం కూడా తేలిక. మీ ఆవిడకు ఇది నచ్చకపోవచ్చు. చేతికొచ్చేది ఇంచుమించు మూడు నాలుగు వేలు, అందులోనూ వాటా పోతుంది. అయినా 40 డాలర్లకి కొన్న పెట్టె మీద అది చిన్న మొత్తమేం కాదు.

కొత్తగా అచ్చు వేసి రీఇష్యూ చేద్దామన్న ఆలోచన కూడా మీ ఉత్తరం చివర్లో తొంగిచూసింది. రికార్డు మీ దగ్గర ఉన్నంత మాత్రాన అందులోని సంగీతం మీది కాదు. అమెరికాలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం 1963 నాటి రికార్డింగు మీద హక్కులు 2067 దాకా ఉంటాయి. ఆ బ్యాండు కుర్రాళ్లో, వాళ్ల వారసులో ఒప్పుకోవాలి. వాళ్లెవరో తెలియాలన్నా మళ్లీ ఆ పెద్దావిడనే అడగాలి.

అసలు మీరందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు కానీ ఆవిడ దగ్గర ఉన్న ఇంకో సొమ్ము ఎవరికీ కనిపించడం లేదు. ఈ బ్యాండు గురించి లోకానికి తెలిసిందెంత? లేబుల్ మీద బ్యాండు పేరు, బ్రాకెట్లలో రెండు ఇంటిపేర్లు, అంతేకదా. గిటార్ ఎవరు వాయించారు? ఏ స్టూడియో? ఆ రివర్బ్ మోత, అంటే గిటార్ వెనకాల ప్రతిధ్వని, కోసం ఫెండర్ అనే గిటార్ల కంపెనీ పరికరం కొన్నారా, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నారా? ఎన్ని కాపీలు వేయించారు? రికార్డులు అచ్చు వేసే ప్రెస్సింగ్ ప్లాంట్ వాళ్లిచ్చిన బిల్లు ఆవిడ పాత కాగితాల్లో ఎక్కడో ఉండొచ్చు. అది బయటపడితే 24 కాపీలు మొత్తంలో ఎన్నో వంతో తేలిపోతుంది. ఇల్లు ఖాళీ చేస్తున్న మనిషి కాగితాలు ముందు చెత్తబుట్టకే వెళతాయి. మీరు రెండు నెలలుగా గుటకలు మింగుతూ జవాబివ్వని ఆ ఫోటో ఉందే, బహుశా ఆ బ్యాండుది లోకంలో మిగిలిన ఫోటో అదొక్కటే కావొచ్చు. ఆవిడ దాన్ని మీకు పంపింది ధర కనుక్కోవడానికి కాదు. తన భర్త వాయించింది ఎవరైనా విన్నారేమోనని.

కాబట్టి మెసేజ్‌లో ధర గొడవ పెట్టకండి. ముందు రికార్డు వినండి. రెండు వైపులా. డ్రమ్స్ ఎక్కడ బాగున్నాయో, ఎక్కడ పిల్లాడు తడబడి మళ్లీ అందుకున్నాడో, మీకు తెలిసిన విద్యే కదా, అది రాయండి. తర్వాత ఫోన్ చేస్తానని చెప్పి, ఫోన్‌లో మిగతా సంగతి చెప్పండి. “ఆ రోజు మీరడిగినప్పుడు నేను సరిగా చెప్పలేదు, ఇవి అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ధర పలుకుతున్నాయి, ఏం చేద్దాం?” అంటే చాలు. సంజాయిషీ పొడిగించొద్దు. ఆవిడ నవ్వి “ఉంచుకో” అనొచ్చు. అంటే నిజంగానే ఉంచుకోవచ్చు, అప్పుడు మీ దగ్గరున్నది తెలిసి ఇచ్చిన పెట్టె అవుతుంది.

అయితే ఆ ఫోన్ కంటే ముందు మీ ఆవిడతో మాట్లాడండి. ఆవిడ మీకు ఎదురుపక్షం కాదు. సేకరణ మొత్తానికి ఎంత ఖర్చయిందో, ఎంత విలువ చేస్తుందో మీరు ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదని మీ మాటల్లోనే తెలుస్తోంది. 2,000 సింగిల్స్‌లో మీరు వినని డూప్లికేట్లు వందలు ఉంటాయి. పిల్ల చదువుకి డబ్బు కావాలంటే అవి అమ్మండి. వాటి మీద ఎవరికీ ఏ లెక్కా చెప్పక్కర్లేదు. ఆ మాట మీరే ముందు అంటే, పెట్టె విషయంలో ఆవిడ మీ మాట వినే అవకాశం ఎక్కువ.

ఇంకొక్క మాట, రికార్డుల గురించే. ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో వచ్చిన సింగిల్స్ చాలావాటిని వినైల్‌తో కాకుండా స్టైరీన్ అనే ఇంకో రకం ప్లాస్టిక్‌తో చేశారు. అరిగిన సూదితో నాలుగుసార్లు వాయిస్తే గరగర మొదలవుతుంది, మళ్లీ పోదు. మీ దగ్గరున్నవి స్టైరీన్ అయితే వినడానికి ఒక కాపీనే వాడండి, కొత్త సూది వేయండి. వేసవిలో మీ వైపు గరాజ్ ఎంత కాగుతుందో మీకు తెలుసు. ఎవరికి చెందాలో తేలేదాకా ఆ పెట్టెను ఇంట్లోకి తెచ్చి, రికార్డులు నిలువుగా పెట్టి, ఏసీ ఉన్న గదిలో ఉంచండి. ఫోన్ చేశాక ఏమైందో రాయండి. బ్యాండు పేరు అప్పటికి రాయొచ్చంటే సంతోషంగా వేస్తాను.